అలికిడి కంచె

డేరాకి గడప ఉండదు. ఈ సంగతి మృణాళినికి గువ్వలమడుగు ఒడ్డున మేకు కొడుతుండగా తట్టింది. తట్టగానే సుత్తి పక్కన పడేసి పకపకా నవ్వేసింది.

"ఏమైంది?" తాడు పట్టుకుని వంగి ఉన్న దినకర్ తలెత్తాడు.

"మీ అమ్మగారికి చెప్పు. ఆషాఢంలో అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదన్నారు, సరే. గడపే లేని ఇంట్లో మొగుడితో ఉండకూడదని మాత్రం ఎవరూ అనలేదు."

"చెప్పనా? రేపీపాటికి డేరాకి గడప చేయించి జీపులో పంపిస్తుంది."

పెళ్ళయి సరిగ్గా పందొమ్మిది రోజులు. పన్నెండో రోజున ఆషాఢం వచ్చి పడింది. ఆమెను రాజమండ్రిలో పుట్టింటికి పంపేసి, అతన్ని కాకినాడలో కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పుకోమన్నారు. ఏడు రోజులు ఫోనులోనే కాపురం చేశారు. ఎనిమిదో రోజు మృణాళిని "అడవిలో పనుందమ్మా, మూడు రోజులు" అని బయలుదేరింది. అది అబద్ధం కాదు. అదే పనికి దినకర్ కూడా సెలవు పెట్టి, స్టవ్వూ రెండు మడతకుర్చీలూ మోసుకొస్తున్నాడని చెప్పలేదంతే.

జాతీయ వనంలో లోపలికంటా ఉంది ఆ సరస్సు. చివరి ఊరు దాటాక జీపులో రెండు గంటలు. వానాకాలం కాబట్టి సందర్శకులను రానివ్వరు. చుట్టూ కొండలు, కొండల మీద ముసురు, ముసురు కింద పలక రంగు నీళ్ళు. మృణాళినికి ప్రతిదీ పండగలాగే ఉంది. డేరా జిప్పు చేసే చప్పుడు, రేకు గ్లాసులో టీ, గోరింటాకు చేతి మీద వచ్చి వాలిన నీలం తూనీగ, దినకర్ ఒంటి మీద రెండు సైజులు పెద్దదైన రెయిన్‌కోటు. జీపు దింపి వెళ్ళిన గంటలోనే పదిసార్లు "ఇది చూడు" అంది.

"అమ్మగోరూ, పొయ్యి కింద రాయేసుకోండి. నేల తడండి." ఆ చోటు కాపలాదారు జోగిరెడ్డి రెండు చదును రాళ్ళు తెచ్చి పెట్టాడు. ఏభై దాటిన కొండరెడ్డి తెగవాడు. మనిషి ఒక కాలి మీద నిలబడి, వెంటనే రెండో కాలి మీదికి మారాడు.

"మీ ఇంటావిడ కూడా ఇక్కడే ఉంటారని చెప్పారే?" అంది మృణాళిని, ఆవిడ కోసం తెచ్చిన గాజుల పెట్టె తీస్తూ.

"ఎల్లిపోయిందండి."

"ఎక్కడికి?"

"పుట్టింటికండి." అంతే చెప్పి, పనేదో గుర్తొచ్చినవాడిలా గబగబా పడవ వైపు వెళ్ళిపోయాడు.

వాళ్ళ చుట్టూ మోకాలెత్తు ఇనప గుంజలు పన్నెండు పాతి ఉన్నాయి. వాటి కోసమే మృణాళిని వచ్చింది. ఆమె నాలుగేళ్ళ చాకిరీ అవి. పేరు అలికిడి.

అది ఏం చేస్తుందో సాయంత్రం ఆరింటికి వాళ్ళ కళ్ళముందే కనిపించింది. చెట్ల చాటు నుంచి అడవి పందుల గుంపు ఒకటి ముట్టెలతో నేల పెళ్ళగించుకుంటూ వచ్చింది. గుంజలకు పదడుగుల దూరంలో ముందున్న పెద్ద పంది ఆగింది. దానికేమీ దెబ్బ తగల్లేదు, చప్పుడూ వినపడలేదు. ఒక కాలు ఎత్తి దించింది, మళ్ళీ ఎత్తింది, అక్కడ ఉండబుద్ధి కానట్టు వెనక్కి తిరిగింది. గుంపంతా దాని వెంట పోయింది.

మృణాళిని చప్పట్లు కొట్టి, దినకర్ మెడ పట్టుకుని ఊగింది. చెవికి అందని, కాలికి తెలియని సన్నని వణుకును ఆ గుంజలు నేలలోకి పంపుతాయి. ఆ వణుకుకి జంతువు బెదరదు, దానికి కుదురు తప్పుతుంది. లేచి మరో చోటికి పోతుంది. పందుల కోసం చేను చుట్టూ ఎవరో కట్టిన కరెంటు తీగ తగిలి ఆమె చిన్నాన్న కొడుకు పోయాడు. ఆ ఏడాదే ఆమె ఈ పనిలో చేరింది. ఇక తీగలుండవు, చావులుండవు. శనివారం మధ్యాహ్నం జీపు వస్తుంది. ఆమె నివేదిక మీద సంతకం పెట్టి ఇస్తే, సోమవారం నుంచి అడవి అంచున నలభై ఊళ్ళ చుట్టూ గుంజలు పాతుతారు.

"నలభై ఊళ్ళు!" అన్నాడు దినకర్. "ఇంత గొప్పదానివని తెలిస్తే ఆ రోజు కుర్చీలో ఇంకాస్త నిటారుగా కూర్చునేవాణ్ణి."

ఆ కుర్చీ వాళ్ళ ప్రేమకథకు మొదటి పేజీ. ఇద్దరిలో ఎవరు తలుచుకున్నా రెండోవాళ్ళు తప్పకుండా నవ్వేవారు.

*

రెండేళ్ళ కిందట, విశ్వవిద్యాలయంలో ఒక పొడుగాటి గది. అందులో చెక్క పలక మీద ఒక కుర్చీ, పలక కింద ఒక గుంజ. మనుషుల మీద దీని ప్రభావం ఉండదని తేల్చడానికి ఇరవై మంది విద్యార్థులను ఒకరి తర్వాత ఒకరిని అరగంట చొప్పున కూర్చోబెట్టారు. అందరికీ తరగతులు లేనిది బుధవారం పొద్దుటిపూటే. అందుకని వరసగా నాలుగు బుధవారాలు చేశారు. బుధవారం హాస్టలు మెస్సులో బిర్యానీ. పదకొండింటికల్లా ఆ వాసన కిటికీలోంచి గదిలోకి వచ్చేది.

కాగితం మీద ఏడో ప్రశ్న: లేచి వెళ్ళాలనిపించిందా?

పందొమ్మిది మంది "అనిపించింది" అని రాశారు. ఒకడైతే "బాగా" అని కింద గీత కూడా గీశాడు. అరగంట కాకుండానే మృణాళిని ముఖంలోకి దీనంగా చూసేవారు. ఆమె జాలిపడి, "తినలేదా? పోనీలే, వెళ్ళు" అని ముందే వదిలేసేది.

ఇరవయ్యోవాడు లెక్కల విభాగం నుంచి వచ్చాడు. నూనె పెట్టి దువ్విన తల, చొక్కా జేబులో రెండు పెన్నులు.

"తిన్నారా?"

"తిని వచ్చానండీ. సుష్టుగా."

అరగంటా కదలకుండా కూర్చున్నాడు. అయిపోయిందన్నా లేవలేదు. "ఇంకో అరగంట కూర్చోమంటారా?" అని అడిగాడు. ఏడో ప్రశ్నకు "అనిపించలేదు" అని గుండ్రటి అక్షరాలతో రాశాడు.

ఆ సాయంత్రం మృణాళిని కాగితాలు ప్రొఫెసర్ వేమవరపు ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు నుదుటికి తోసి నవ్వారు. "ఖాళీ కడుపులు పందొమ్మిదీ లేస్తామన్నాయి, నిండు కడుపు ఒక్కటీ కూర్చుంటానంది. ఇది గుంజ పని కాదమ్మా, బిర్యానీ పని. ఏడో ప్రశ్న కొట్టెయ్యి."

ఆమె కూడా నవ్వి, ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత గీసింది. ఇరవయ్యో కాగితం మీద ఫోను నంబరు ఉంటే అది మాత్రం చేతి మీద ఎక్కించుకుంది.

*

శుక్రవారం పొద్దున్నుంచి ఏదీ కుదరలేదు.

దినకర్ ముందుగా డేరా పీకాడు. అక్కడ నేల ఏటవాలుగా ఉందట. పది గజాలు జరిపి వేశాడు. అక్కడ చీమలన్నాడు. మళ్ళీ పీకాడు. మూడోచోట తాడు కట్టి, ముడి సరిగా రాలేదని విప్పి, మళ్ళీ కట్టాడు. మృణాళిని టీ పెట్టుకుని సగం తాగి పారబోసింది. గుంజల కొలతల పుస్తకం తెరిచి ఒకే పేజీ నాలుగుసార్లు చదివింది. కాలివేళ్ళకు మట్టెలు గుచ్చుకుంటున్నట్టనిపించి, రెండూ తీసి స్టవ్వు మూత మీద పెట్టింది.

"మట్టెలు తీసేశావా?"

"గుచ్చుకుంటున్నాయి."

"పందొమ్మిది రోజులకే?"

"ఇవాళ్టికి ఇరవై. పొద్దున్నుంచి మూడుసార్లు డేరా పీకావు, నేనేమైనా అన్నానా?"

"ఉప్మాలో ఉప్పు లేదు, నేనూ అనలేదు."

"ఇప్పుడన్నావుగా!"

మాట మాట పెరిగింది. అతను తింటుంటే చప్పుడవుతుందని ఆమె అంది. ప్రతిదానికీ "ఇది చూడు, అది చూడు" అంటుంటే తల తిరిగిపోతోందని అతనన్నాడు. ఆ మాట ఆమెకు సూదిలా దిగింది. నిన్నటిదాకా ఆమె చూపించిన తూనీగలన్నీ చూసినవాడే.

"వెళ్ళిపోదాం మృణా. ఇక్కడ నాకు ఉండబుద్ధి కావడం లేదు."

"నాతోనా, ఇక్కడా?"

"తెలియట్లేదు," అన్నాడు అతను.

పెద్దవాళ్ళు చెప్పింది నిజమేనేమో అనుకుంది ఆమె. ఆషాఢంలో కలిసి ఉండకూడదేమో. లేకపోతే ఇతన్ని సరిగ్గా చూడకుండానే చేసేసుకుందేమో. కాలు కాలిన పిల్లిలా ఒడ్డు పొడుగునా తిరిగి, గట్టు కింద పడవలో ముసుగుతన్ని పడుకున్న జోగిరెడ్డి దగ్గర ఆగింది.

"మీ గుడిసె ఉండగా పడవలో ఎందుకు పడుకున్నారు?"

అతను లేచి తలపాగా సర్దుకున్నాడు. "గుడిసెలో కూకోలేనండి. మడుగు మీద ఉంటే పేణం కుదుటపడద్ది. ఎక్కండి, మీరే సూద్దురు గాని. ఓ బాబుగోరూ! మీరూ రండి."

దినకర్ ముఖం ముడుచుకునే వచ్చి పడవ రెండో కొసన కూర్చున్నాడు. జోగిరెడ్డి గెడ వేశాడు. ఒడ్డు నుంచి ముప్ఫై బారలు వచ్చేసరికి, పగలంతా మోగిన రేడియో ఎవరో కట్టేసినట్టయింది. మృణాళిని భుజాలు వాటంతట అవే కిందికి దిగాయి. ముసురు చినుకులు నీళ్ళ మీద సున్నాలు చుడుతున్నాయి. ఎంత బాగున్నాయి! అని తల తిప్పితే, దినకర్ కూడా వాటినే చూస్తున్నాడు.

"ఇది చూడు," అన్నాడు అతనే, మెల్లగా.

ఆమెకు నవ్వు రాబోయి ఆగిపోయింది. ఎందుకు ఇప్పుడు? ఎందుకు ఇక్కడ?

"జోగిరెడ్డిగారూ, మీ ఆవిడ ఎందుకు వెళ్ళిపోయారు?"

"నా దగ్గు పడట్లేదందండి." అతను గెడ నీళ్ళలోనే ఆపాడు. "పద్దెనిమిదేళ్ళు ఇన్న దగ్గేనండి. తరవాత అన్నం పొగ వాసనొస్తందంది. మూడు రకాల బియ్యం మార్చానండి. గుడిసె కప్పు బాలేదంది, మళ్ళీ నేశాను. ఓ రోజు కుండ ఇసిరేసి సింగారమ్మ ఎల్లిపోయింది. అక్కడికెల్తే బానే నవ్విందండి. నాకు సేపల పులుసెట్టింది. సరేలెమ్మని తీసుకొచ్చాను. మూడో రోజుకి మళ్ళీ మొదలు. 'నీతో పడలేను' అంది. ఇరవై రోజులైందండి. నాలో ఏటి తప్పుందో ఇప్పటికీ తెలవట్లేదు."

"మావాళ్ళు గుంజలు ఎప్పుడు పాతారు?" అని అడిగింది ఆమె.

"నెల దాటిందండి."

"ఒడ్డుకి తిప్పండి."

ఒడ్డున కాలు పెట్టి నిలబడింది. రెండు నిమిషాలు. అరికాళ్ళ కింద ఏమీ తెలియలేదు, కానీ దినకర్ రెయిన్‌కోటు గరగర మళ్ళీ భరించరానిదైంది. పడవెక్కింది. ముప్ఫై బారల దగ్గర ఆ గరగర వట్టి గరగరే అయింది. మళ్ళీ ఒడ్డుకి, మళ్ళీ నీళ్ళ మీదికి. మూడుసార్లు. జోగిరెడ్డి ఏమీ అడగకుండా గెడ వేశాడు.

వణుకు నేలలో నడుస్తుంది, నీళ్ళ మీద తేలే పడవలోకి రాదు. నిన్న సంబరంలో అది పైకి తెలియలేదంతే. పందికి ఉండబుద్ధి కాకపోతే లేచి పోతుంది. దానికి కారణం అక్కర్లేదు. మనిషికి కావాలి. కారణం కోసం వెతుకుతాడు, దగ్గరున్న మనిషిలోనే అది దొరుకుతుంది. దగ్గు, ఉప్పు, మట్టెలు. నలభై ఊళ్ళు. ప్రతి ఊళ్ళో గుంజల మధ్యన ఇళ్ళు, ఇళ్ళలో పొయ్యిలు, ఉయ్యాలలు. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క కుండ విసిరిన చప్పుడు ఆమెకు వినపడింది.

"కానీ పరీక్ష చేశాంగా!" అంది పైకే. "పందొమ్మిది మంది ఆకలి మీద ఉన్నారు. తిన్నవాడికి ఏమీ కాలేదు. నీకేమీ కాలేదుగా దినకర్?"

దినకర్ పడవ అంచు పట్టుకున్నాడు.

"ఆ రోజు నేను తినలేదు."

"ఏంటీ?"

"పొద్దున టిఫిను కూడా తినలేదు. కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. అది కాక, ఆ కుర్చీలో కూర్చున్న అరగంటా లేచి పారిపోవాలనిపించింది. గోడ దూకైనా సరే. తిననివాళ్ళని ముందే పంపించేస్తున్నావని బయటివాళ్ళు చెప్పారు. తిన్నానంటే ఇంకాసేపు నిన్ను చూస్తూ కూర్చోవచ్చని..." అతను ఆమె వైపు తిరిగాడు. "అదేదో బడి పిల్లల ఫారం అనుకున్నాను మృణా. నీ గుంజ దాని మీద నిలబడుతుందని తెలియదు."

మృణాళిని ముందు నవ్వింది. ఇరవై రోజులుగా, కాదు, రెండేళ్ళుగా ఎన్నిసార్లు నవ్విందో ఆ కథకి. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. జోగిరెడ్డి తల వంచుకుని, రేకు డబ్బాతో పడవలోని వాన నీళ్ళు తోడి పోస్తున్నాడు.

"పెళ్ళయ్యాక కూడా చెప్పలేదు."

"తీపి కథ కదా, పాడుచెయ్యడం ఎందుకని..."

"ఇతని ఇల్లు పాడైంది!" ఆమె ఒంటి కాలి మీద లేచింది. పడవ ఊగింది. "నలభై ఊళ్ళ ఇళ్ళు పాడయ్యేవి! నువ్వు ఒక్క ముక్క నిజం రాసి ఉంటే..."

ఇరవై మందిలో ఒక్కడి మాట పట్టుకుని ప్రశ్న కొట్టేసింది ఎవరు? ఎర్ర పెన్ను ఎవరి చేతిలో ఉంది? ఆ ఒక్కడు కూర్చున్నాడని, తన కోసమే కూర్చున్నాడని ఆ రోజు లోపలెక్కడో తెలియదా తనకి? తెలిసే మురిసిపోయింది. మురిసిపోయి, కొట్టేసింది.

*

ఆ సాయంత్రమే గుంజలు ఆపించేయవచ్చు. కానీ ఆపి, "నాకు అలా అనిపించింది" అని రాస్తే వేమవరపుగారు మళ్ళీ కళ్ళజోడు నుదుటికి తోసి నవ్వుతారు. కొత్త పెళ్ళికూతురు, ముసురు, మొగుడితో పేచీ అంటారు. అందుకని ఆ పూట ముగ్గురూ పడవలోనే గడిపారు. శనివారం పొద్దున జోగిరెడ్డి చేత పెద్ద గిన్నెతో అన్నం వండించింది. చేపల పులుసు, మామిడికాయ పచ్చడి. ముగ్గురూ ఇక చాలని విస్తళ్ళు మడిచేదాకా తిన్నారు. తిన్నాక గుంజల మధ్యన రెండు కుర్చీలూ ఒక పీటా వేసి కూర్చున్నారు. ముందర ఒక గడియారం పెట్టుకున్నారు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క కాగితం. ఎవరూ ఎవరితోనూ మాట్లాడకూడదు.

పదకొండో నిమిషానికి జోగిరెడ్డి పీట మీంచి లేచాడు. పద్దెనిమిదో నిమిషానికి మృణాళిని లేచింది. దినకర్ ముఖానికి చెమటలు పట్టాయి, ఇరవై ఆరో నిమిషం దాకా ఓర్చి లేచాడు.

అప్పుడు ఆమె వెళ్ళి గుంజలను నడిపే పెట్టె తెరిచి మీట కిందికి లాగింది. నాలుగేళ్ళ పని ఒక్క టిక్కుమన్న చప్పుడుతో ఆగిపోయింది.

నివేదికలో ఏడో ప్రశ్న మళ్ళీ రాసింది. లేచి వెళ్ళాలనిపించిందా? ముగ్గురివీ నిండు కడుపులు, ముగ్గురికీ అనిపించింది. గుంజలు ఎక్కడా పాతరాదు, తప్పు నాది అని సంతకం చేసింది. దినకర్ అడగకుండానే ఆ కింద మరో కాగితం జతచేశాడు. ఇరవయ్యో విద్యార్థి నేనే, ఆ రోజు రాసింది అబద్ధం, ఎందుకు రాశానంటే అని మొదలుపెట్టి, కారణం కూడా దాచకుండా రాశాడు. విభాగమంతా చదువుకుని నవ్వుకునే కారణం. అక్షరాలు మాత్రం ఆ రోజులాగే గుండ్రంగా ఉన్నాయి.

మధ్యాహ్నం జీపు వచ్చింది. డ్రైవరు చేతికి కవరు ఇచ్చి, "సోమవారం పని ఆపించమని ప్రొఫెసరు గారికి ముందు ఫోను చెయ్యి, సిగ్నలు తగలగానే" అని రెండుసార్లు చెప్పింది. తమ ఇద్దరి కోసం మర్నాడు రమ్మంది. జోగిరెడ్డి ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చి జీపు పక్కన నిలబడ్డాడు. ఇప్పుడు రెండు కాళ్ళ మీదా నిలబడ్డాడు.

"అమ్మగోరూ, సింగారమ్మకి ఏటని సెప్పమంటారు?"

"ఆ గుంజల వల్ల అలా అయిందని చెప్పండి. అవి చేసిన మనిషే తప్పొప్పుకుందని చెప్పండి. సోమవారం నేనూ వచ్చి చెబుతాను." గాజుల పెట్టె అతని చేతిలో పెట్టింది.

అతను పెట్టె చంకన పెట్టుకున్నాడు. "అయితే, నా దగ్గు తప్పు కాదన్నమాట."

"కాదు."

"అన్నం వాసనా రాలేదు."

"రాలేదండీ."

"ఆయ్," అన్నాడు. జీపెక్కి అటు తిరిగి కూర్చున్నాడు. కదిలే ముందు తల బయటపెట్టి, "పందులొస్తే పళ్ళెం వాయించండి. పాత పద్ధతేనండి, ఎల్లిపోతాయి" అని అరిచాడు.

అన్నట్టే గంటలో వచ్చాయి. ముందున్న పెద్ద పంది గుంజ దాటి, నిన్న వాళ్ళు పారబోసిన ఉప్మా దగ్గరికి నింపాదిగా నడిచింది. దినకర్ పళ్ళెమూ గరిటే పట్టుకుని ఎగురుతూ వాయించాడు. రెయిన్‌కోటు మోకాళ్ళకు చుట్టుకుని పడబోయాడు కూడా. పందులు వెళ్ళాయి గానీ దూరం పోలేదు. రాత్రికి మళ్ళీ వస్తాయి. అడవి అంచున నలభై ఊళ్ళకూ వస్తాయి. తీగలు కట్టేవాళ్ళు కడతారు. ఆమె చిన్నాన్న కొడుకు ముఖం ఆమెకు గుర్తొచ్చింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

దినకర్ ఆయాసపడుతూ వచ్చి ఆమె కుర్చీకి నాలుగడుగుల దూరంలో ఆగాడు.

"నాకు ఇంకా కోపంగానే ఉంది," అంది ఆమె. "మీట ఆపేసి మూడు గంటలైంది. ఇది గుంజలది కాదు. నాదే."

"తెలుసు."

"సాయంత్రం దాకా ఉండొచ్చు. రేపటి దాకా కూడా ఉండొచ్చు. నా మీద నాకున్నది ఇంకా ఎక్కువ రోజులుంటుంది."

అతను రెండో కుర్చీ తెచ్చుకుని ఎదురుగా వేసుకున్నాడు. కూర్చున్నాడు. తడి పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్నాడు.

"లేచి వెళ్ళాలనిపిస్తోందా?" అని అడిగింది ఆమె. ప్రశ్న చదివినట్టే అడిగింది.

అతను నిజంగా ఆలోచించాడు. "కొంచెం. నీ ముఖం చూడ్డానికి సిగ్గుగా ఉంది. కానీ కూర్చుంటాను."

ముసురు కాస్త పలచబడింది. మడుగు మీద చినుకుల సున్నాలు ఒకదానిలోకి ఒకటి వెళ్ళి కలుస్తున్నాయి. చూడు అనబోయి పెదవి బిగించింది. చాలాసేపటి తర్వాత గోరింటాకు చేత్తో స్టవ్వు మూత మీది మట్టెలు రెండూ తీసి అతని ముందుకు చాపింది. బురద కాలు కూడా చాపింది.

"తొడుగు. కోపం తగ్గిందని కాదు."

"అనుకోలేదు," అని దినకర్ పళ్ళెం కింద పెట్టి, నేల మీద మోకాళ్ళూనాడు.